వాగు గట్టు కోత: గోడ కట్టే ముందు ఇవి చూడండి

వాగు మలుపులో ఉన్న మీ పొలం గట్టు ప్రతి వానాకాలం కూలుతోందనీ, కాంక్రీటు గోడ కట్టాలనుకుంటున్నాననీ రాశారు. దయచేసి కాస్త ఆగండి. మలుపు బయటి వైపు నీటి వేగం ఎక్కువ. అది ముందు గట్టు అడుగును తొలుస్తుంది, తర్వాత పైభాగం విరిగి పడుతుంది. పునాది కింద మట్టి పోతే గోడ కూడా ఒరుగుతుంది. పైగా నున్నటి గోడ నీటి వేగాన్ని తగ్గించదు, ఆ తాకిడి దిగువ రైతు గట్టుకు తగులుతుంది.

గట్టు నిట్టనిలువుగా ఉందన్నారు కదా, అలా ఉంటే ఏ మొక్కా నిలవదు. ఎండాకాలంలోనే ప్రతి ఒక్క అడుగు ఎత్తుకు రెండడుగుల వెడల్పున వాలు వచ్చేలా చెక్కించండి. అడుగున పెద్ద రాళ్లను వైరు మెష్ బుట్టల్లో పేర్చి, వాగు అడుగు మట్టం కన్నా లోతుకు దించండి. తొలకరి పడగానే వాలుకు అడ్డంగా వట్టివేరు పిలకలు 10-15 సెంటీమీటర్ల ఎడంతో నాటండి. దాని వేర్లు నిలువుగా 3 మీటర్ల దాకా దిగుతాయి. రాళ్ల సందుల్లో వావిలి కొమ్మలు గుచ్చండి, పైన ఏరుమద్ది, కానుగ పెట్టండి. ఇప్పటికే ఉన్న రెల్లును మాత్రం పీకేయకండి, చేప పిల్లలకు అదే నీడ. మొదటి రెండేళ్లు పశువులను రానివ్వద్దు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఇసుక తవ్వకం. దిగువన తవ్వితే వాగు అడుగు దిగిపోయి, ఆ కోత ఎగువకు పాకుతుంది. అప్పుడు మీరేం నాటినా దండగే. అలా జరుగుతుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టాన్ని ప్రస్తావిస్తూ తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రాళ్లు దించే ముందు ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి అనుమతి కూడా తీసుకోండి.