లగ్జరీ లోదుస్తుల డిజైనర్ పని ఎలా ఉంటుంది?

ఫ్యాషన్ డిగ్రీ అయిపోవస్తోంది, బొమ్మలు బాగా గీస్తాను, లగ్జరీ లోదుస్తుల వైపు వెళ్లొచ్చా అని అడిగారు. పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. కొలతలతో కుస్తీ పట్టే ఓపిక ఉంటే తప్పకుండా రండి. బొమ్మలు గీసే సమయం మాత్రం నా రోజులో చాలా తక్కువ.

ముందు ఒక పాత బ్రా తీసుకుని కుట్లన్నీ విప్పేయండి. కప్పు ముక్కలు, రెండు కప్పుల్నీ కలిపే చిన్న ముక్క, పక్కలకి వచ్చే పవర్ నెట్ (బిగువుగా సాగే వల బట్ట), వైరు దూర్చే పట్టీ, ఎలాస్టిక్‌లు, రింగులు, హుక్కులు అన్నీ కలిపి ఇరవై దాటుతాయి. వదులుగా ఉండే గౌనులో అర సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఎవరి కంటా పడదు. ఇక్కడ ఒక్కో కుట్టులో ఒక మిల్లీమీటరు పోతే, పది కుట్లు దాటేసరికి సెంటీమీటరు పోతుంది.

నేను సొంతంగా చేసిన మొదటి శాంపిల్ డమ్మీ మీద ముచ్చటగా కూర్చుంది. కొలతలు సరిచూడటానికి శాంపిల్ వేసుకుని చూపించే ఫిట్ మోడల్ వేసుకుని నిలబడినా బాగానే ఉంది. అప్పుడు మా ప్యాటర్న్ కట్టర్ (బట్ట కత్తిరించడానికి కాగితం మీద అచ్చులు తీసే ఆవిడ), చాలా సీనియర్, "చేతులు పైకెత్తమ్మా" అంది. ఎత్తగానే వైరు చివర చంకలో గుచ్చుకుంది, వెనక పట్టీ పైకి జరిగింది. బరువు మోయాల్సింది ఆ పట్టీయే. అది వదులైతే భారమంతా భుజాల మీద పడుతుంది. ఆ పట్టీకి ఈసారి వచ్చిన పవర్ నెట్ ముందు దానికంటే ఎక్కువ సాగుతోందని నేను చూసుకోలేదు. ఆవిడ వైరు దగ్గర పిన్ను గుచ్చి, అక్కడ 4 మిల్లీమీటర్లు తగ్గించి, పట్టీ మళ్లీ కట్ చేయమంది. నాలుగోసారికి గానీ ఓకే అవలేదు. ఆ పిన్ను గుచ్చిన చోటు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

లగ్జరీ అనేది ఎక్కువగా లేస్‌లో కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో కలే, కోడ్రీ ఊళ్లలో లీవర్స్ మిషన్ల మీద నేసే లేస్‌ని ఒకసారి చేత్తో పట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ మిషన్‌కి మూలం 1813లో ఇంగ్లండ్‌లో జాన్ లీవర్స్ చేసిన పని. ఆ లేస్‌ని ఎలా పడితే అలా కట్ చేయలేం. ఎడమ కప్పు మీద పువ్వు ఎటు తిరిగితే, కుడి కప్పు మీద దానికి అద్దంలో నీడలా ఉండాలి. ఒక సాయంత్రం తొందరలో రెండూ ఎడమవే కట్ చేశాను. ఆ లేస్ అంతకు మించి లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

సైజుల గురించి చాలా కాలేజీల్లో సరిగ్గా చెప్పరు. సైజులో అంకె ఛాతీ చుట్టూ వచ్చే పట్టీది, అక్షరం కప్పుది. కానీ 32డి, 34సి, 36బి మూడింటికీ కప్పు పరిమాణం దాదాపు ఒకటే, మారేది ఆ పట్టీ పొడవు. పెద్ద సైజులకి ప్యాటర్న్‌ని ఊరికే పెంచితే సరిపోదు. స్ట్రాప్ వెడల్పు, వైరు గట్టిదనం, బట్ట అన్నీ మార్చాలి. ఖరీదైన బ్రాండ్లు ఈ కష్టం పడకుండా చిన్న సైజుల దగ్గరే ఆగిపోవడం నాకు అస్సలు నచ్చదు. మీరు పెద్ద సైజులు నేర్చుకుంటే మీ అవసరం ఎప్పుడూ ఉంటుంది.

చదువు అంటారా, ఇంగ్లండ్‌లో లెస్టర్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో కాంటూర్ ఫ్యాషన్ అని దీనికోసమే ఒక కోర్సు ఉంది, 1947లో మొదలైంది. అక్కడికి వెళ్లలేకపోయినా నష్టం లేదు, శాంపిల్ రూంలో అసిస్టెంట్‌గా చేరండి. మామూలు ధరల బ్రాండ్‌లో రెండేళ్లు చేసినా మంచిదే, ఖర్చు లెక్క వంటబడుతుంది.

ఉద్యోగ భద్రత తక్కువ. పెద్ద పేరున్న సంస్థలు కూడా చేతులు మారతాయి, మూతపడతాయి. నేను పనిచేసిన ఒక సంస్థ మూసేసినప్పుడు రెండు నెలల జీతం రాలేదు. అందుకే ఫ్రీలాన్స్‌గా ప్యాటర్న్‌లు చేసిచ్చే అలవాటు మొదటి నుంచే ఉంచుకోండి.

ఇంటర్వ్యూకి పోర్ట్‌ఫోలియోతో పాటు మీ చేత్తో కుట్టిన ఒక బ్రా పట్టుకెళ్లండి. నా దగ్గరికి వచ్చిన వాళ్లది నేను ముందు లోపలి వైపు తిప్పి, వైరు చివర కుట్టు ఎలా ఉందో వేలితో తడిమి చూస్తాను.