అల్లరి మాన్పించడానికి హాస్టలా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. రోజూ ఎవరితోనో తగువు, మాస్టార్ల ఫిర్యాదులు. స్కౌట్స్‌లో చేరాక కాస్త కుదురుకున్నాడు, కానీ ఎంతసేపూ తాళ్లు, ముడులు, క్యాంపులే. విజయవాడలో ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో వేసేయమని బంధువులంతా అంటున్నారు. ఏది మంచిది? – ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది హాస్టల్ గురించే గానీ, మీ టెన్షన్ అంతా వాడు చేయి దాటిపోతాడేమోనని. కుదురుకున్నాడని మీరే రాశారు. మరి ఇప్పుడు కదపడం దేనికి?

ఎనిమిదిలోనే ఫౌండేషన్ అంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. లెక్కల మీద ఇష్టంతో వెళ్లే పిల్లల సంగతి వేరు. అల్లరి భరించలేక పంపిన పిల్లలకు మాత్రం అది చదువులా కాదు, శిక్షలా కనిపిస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు. తగువులాడే వాడు అక్కడ మానేస్తాడని ఎవరు చెప్పారు మీకు? కోప్పడుతున్నాననుకోకండి. బంధువుల మాట విన్నారు సరే, వాణ్ణి ఒక్కసారైనా అడిగారా?

స్కౌట్స్‌లో ఆరేడుగురిని కలిపి పెట్రోల్ అనే ఒక జట్టు చేసి, వాళ్లలోనే ఒకడికి నాయకత్వం ఇస్తారు. నలుగురి మీద పెత్తనం చేసే పిల్లాడికి ఆ నలుగురి బాధ్యతా అప్పగించడమన్నమాట. ఇక ఆ ముడులంటారా, బోలైన్ అని ఒకటుంది. నడుముకు వేస్తే ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, నీళ్లలో పడ్డవాణ్ణి లాగడానికి పనికొస్తుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది ఎగరేస్తే లంకల్లో వాళ్లు సామాన్లు సర్దుకునే మన ప్రాంతంలో ఇది ఆటంటారా?

అలాగని స్కౌటింగే ఉద్యోగం ఇస్తుందని అనను. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉంది, పోస్టులు కొద్దే. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. స్కౌట్స్‌లో ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ అంటూ మెట్టు మెట్టుగా ఎక్కడానికి ఏళ్లు పడుతుంది, మధ్యలో బడి మారిస్తే ఆ వరస తెగిపోవచ్చు. చేతిపని మీదే మనసుంటే పది తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు.

లెక్కల్లో వెనకబడితే ఊళ్లోనే ట్యూషన్ పెట్టించండి. క్యాంపుకి డబ్బులడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. హాస్టల్ మాట ఇంటర్‌కి చూద్దాం, అదీ వాణ్ణి అడిగాకే.