టెక్ సందేహాలు: టీవీ బిగించాలి, గోడలో చెక్క ఎక్కడ, వైరు ఎక్కడ?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. 65 అంగుళాల టీవీ గోడకి బిగిద్దామని స్టడ్ ఫైండర్ (గోడ లోపలి చెక్కనీ కరెంటు వైరునీ పట్టే చిన్న పరికరం) తెచ్చా. ఒక్కోసారి ఒక్కోచోట బీప్ అంటోంది, వైరు లైటైతే సగం గోడ దాకా వెలుగుతూనే ఉంది. అనకాపల్లిలో అమ్మానాన్నలకి ఇల్లు కడుతున్నాం, ఇది అక్కడ పనికొస్తుందా?

జవాబు: డ్రిల్లు కాసేపు పక్కన పెట్టండి. మీది ఇటుక గోడ కాదు, నిలువు చెక్కలకి అరంగుళం జిప్సం షీటు కొట్టిన గోడ, మధ్యంతా గుల్ల. ఆ చెక్కలే స్టడ్‌లు, మామూలుగా ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 16 అంగుళాలు, కొన్ని ఇళ్లలో 24. చెక్క వెడల్పు మాత్రం అంగుళంన్నరే, అందుకే కాస్త పక్కకి పోయినా స్క్రూ అంచున పడి పట్టు ఉండదు.

మీ ఫైండర్ గుల్లకీ చెక్కకీ తేడా చూసి బీప్ అంటుంది. చెక్క మీదే పెట్టి బటన్ నొక్కారనుకోండి, అదే ఖాళీ అనుకుని ఇంక అన్నీ తప్పే చెప్తుంది. వేరేచోట నుంచి మొదలుపెట్టి ఎడమ నుంచి ఓసారి, కుడి నుంచి ఓసారి జరిపి రెండు అంచులూ పెన్సిల్‌తో గీయండి, ఆ గీతల మధ్యే స్టడ్ మధ్య.

నేనైతే దాన్ని ఒక్కదాన్నే నమ్మను. చిన్న గట్టి అయస్కాంతానికి దారం కట్టి గోడ మీద మెల్లగా జరుపుతా, షీటు బిగించిన స్క్రూ తలకాయ దగ్గర టప్పున అతుక్కుంటుంది, దానికి సూటిగా పైనా కిందా ఇంకో రెండు దొరికితే అది స్టడ్డే. చుక్కలా కాకుండా అరచేతంత మేర అతుక్కుందా, అక్కడ వైరుకో పైపుకో కాపలాగా స్టీలు ప్లేటు కొట్టి ఉండొచ్చు, ఆ చోటు వదిలెయ్యండి.

ఇక వైరు. కరెంటు ఉన్నప్పుడే వెతకాలి, ఆపేస్తే లైటు వెలగదు. సగం గోడ దాకా వెలగడం చాలాసార్లు గోడ మీద చేరిన స్టాటిక్ కరెంటు వల్లే, రెండో అరచెయ్యి గోడకి ఆనించి ఉంచండి, వెలిగే మేర తగ్గుతుంది. కానీ దయచేసి గుర్తుపెట్టుకోండి, లైటు వెలగలేదంటే వైరు లేదని కాదు! స్విచ్ ఆఫ్‌లో ఉన్న వైరు, ఇంటర్నెట్ కేబులు, టీవీ కేబులు ఏవీ దానికి దొరకవు. ప్లగ్గు డబ్బాని ఎక్కువగా స్టడ్ పక్కకే కొడతారు, వైరు దాని వెంటే పైకో కిందకో పోతుంది, కాబట్టి ప్లగ్గుకి, స్విచ్‌కి సూటిగా పైనా కిందా రంధ్రం వద్దు. చోటు తేలాక బ్రేకర్ ఆపి అప్పుడు మొదలుపెట్టండి, ఒకే గోడలో రెండు బ్రేకర్ల వైర్లు ఉండొచ్చు, అనుమానమొస్తే మెయినే ఆపండి.

అనకాపల్లిలో ఇటుక గోడైతే స్టడ్ ఉండదు, అక్కడ దీంతో స్టడ్ వెతకడం దండగ. అక్కడ గోడకి గాడి కొట్టి పైపులో వైరు లాగి ప్లాస్టరింగ్ చేస్తారు. ఇంకా కడుతున్నారు కాబట్టి ఒక్క పని చేయించండి, ప్లాస్టరింగ్‌కి ముందే ప్రతి గోడకీ టేపు ఆనించి కొలత కనపడేలా ఆ వైరు పైపుల ఫొటోలు తీయించి, మీ దగ్గరా నాన్నగారి దగ్గరా ఒక్కో కాపీ ఉంచండి.