ప్రాంతీయ సింఫనీ ఆర్కెస్ట్రా ఎలా పుడుతుంది, సమాజానికి ఎలా ఉపయోగపడుతుంది?

సింఫనీ ఆర్కెస్ట్రా అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని వాయించే పెద్ద వాద్యబృందం. ప్రాంతీయ ఆర్కెస్ట్రాకు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్ సింఫనీ ఆర్కెస్ట్రా మంచి ఉదాహరణ. సముద్రతీర విహారానికి వచ్చేవారిని అలరించడానికి 1893లో డాన్ గాడ్‌ఫ్రే సుమారు 30 మంది వాద్యకారులతో ఏర్పరచిన బృందం అది. కాలక్షేపం కోసం పెట్టిన ఆ బృందాన్ని ఆయన 1934 వరకు నడిపి, సమకాలీన బ్రిటిష్ స్వరకర్తల కొత్త రచనలకు ఒక ముఖ్య వేదికగా మలచడం నా దృష్టిలో దాని చరిత్రలోకెల్లా ఆసక్తికరమైన ఘట్టం. మునిసిపల్ ఆర్కెస్ట్రాగా సాగిన ఆ సంస్థకు 1954లో ఇప్పటి పేరు వచ్చింది. తర్వాత దాని కేంద్రం బోర్న్‌మత్ పక్కనున్న పూల్ పట్టణానికి మారింది. 2002లో మారిన్ ఆల్సప్ ప్రధాన కండక్టరుగా (వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తిగా) బాధ్యతలు చేపట్టారు.

లండన్‌కు దూరంగా ఉన్న నైరుతి ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ వంటి చోట్లకు పూర్తిస్థాయి ఆర్కెస్ట్రా స్వయంగా వెళ్లి వాయించడం దాని అసలు సేవ. అంతేకాక వాద్యకారులు పాఠశాలలకూ వృద్ధాశ్రమాలకూ వెళ్తారు. వికలాంగులైన సంగీతకారుల నాయకత్వంలో నడిచే దాని ‘రిసౌండ్’ బృందం 2018లో బీబీసీ ప్రామ్స్ అనే వార్షిక శాస్త్రీయ సంగీతోత్సవంలో కచేరీ చేసింది. టికెట్ల ఆదాయం ఒక్కటే ఇలాంటి పనులకు సాధారణంగా చాలదు కాబట్టి ప్రభుత్వ గ్రాంట్లు, దాతల విరాళాలు కూడా అవసరమవుతాయి.