ఇంగ్లిష్‌లో ‘సే’, ‘టెల్’ రెండూ ‘చెప్పడమే’ అయితే తేడా ఎక్కడ?

‘సే’ ఏ మాట అన్నారో చూపిస్తుంది, ‘టెల్’ ఆ మాట ఎవరికి చేరిందో చూపిస్తుంది. అందుకే ‘టెల్’ పక్కనే మామూలుగా వినే మనిషి ఉండాలి, ‘సే’ తర్వాత మనిషి రావాలంటే మధ్యలో ‘టు’ పెట్టాలి.

తెలుగులో ‘నాకు చెప్పాడు’ అన్నప్పుడు ‘కు’ విభక్తి ఆ పని చూసుకుంటుంది, క్రియ మారక్కర్లేదు. ఇంగ్లిష్‌లో క్రియే మారుతుంది. నిజానికి మనకూ ఇలాంటి జంట ఉంది, గమనించం అంతే: ‘వస్తానన్నాడు’ అంటే ‘సే’కు దగ్గర, ‘వస్తానని నాకు చెప్పాడు’ అంటే ‘టెల్’కు దగ్గర. చాలా సందర్భాల్లో ఈ గుర్తు సరిపోతుంది.

అమీర్‌పేటలో ఇంటర్వ్యూకు ప్రిపేరయ్యేవాళ్లు ‘మై మేనేజర్ సెడ్ మి’ అనేస్తుంటారు. అది తప్పు. ‘మై మేనేజర్ టోల్డ్ మి’ అనాలి. మనిషిని చెప్పక్కర్లేకపోతే ‘మై మేనేజర్ సెడ్’ చాలు.

‘టెల్’ అంటే ఆజ్ఞ, పెద్దవాళ్ల దగ్గర వాడకూడదు అనుకోవడం అపోహ. ‘షి టోల్డ్ మి టు వెయిట్’ లాంటి చోట, అంటే ‘టు’తో ఇంకో క్రియ వచ్చినప్పుడే ఆ పని చెయ్యమని ఆజ్ఞ ఇచ్చినట్టు అవుతుంది. ‘టెల్ ద ట్రూత్’, ‘టెల్ ఎ స్టోరీ’ లాంటివి మాత్రం మనిషి లేకుండానే నడుస్తాయి. వాటిని అలాగే గుర్తుపెట్టుకోవాలి.