గరుకు రాయి మీద పిట్ట బొమ్మ ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాళ్లు, చెక్కలు, బెరళ్లు, ఈకల మీద బొమ్మలు వేసేవారివే. నాకెంతో ఇష్టమైన పని కాబట్టి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: కాగితం మీద పిట్టల బొమ్మలు బాగానే వేస్తాను. గరుకు రాయి మీదకి వచ్చేసరికి గీత ముక్కలుముక్కలవుతోంది. కన్ను గుంటలో పడుతోంది, ముక్కు వంకర పోతోంది. ఉప్పుకాగితంతో రాయిని నున్నగా రుద్దేసుకుంటే మంచిదా?

జవాబు: రుద్దకండి. ఆ గరుకు పోతే ఇక రాయి మీద వేయడం ఎందుకు, కాగితమే నయం. మీ ఇబ్బందికి అసలు కారణం వేరే ఉంది. మీరు బొమ్మను ముందే అనుకుని, దాన్ని మోసుకొచ్చి రాయి మీద పెడుతున్నారు. ముందు రాయిని చూడండి. గదిలో వెలుగు తగ్గించి, టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి రాయిని మెల్లగా తిప్పండి. ఎదురుగా చూసినప్పుడు కనిపించని ఎత్తుపల్లాలన్నీ నీడలతో సహా లేచి వస్తాయి. ఒకచోట ఉబ్బు ఉంటే అది పొట్ట. పక్కన సన్నటి గట్టు ఉంటే రెక్క అంచు. అలాంటిదేదీ దొరకకపోతే ఆ రాయిని పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. స్పెయిన్‌లో అల్టమీరా అనే గుహ ఉంది. అక్కడి బొమ్మలు 1879లో వెలుగులోకి వచ్చాయి. పైకప్పు మీద బైసన్‌లనే అడవి దున్నల్ని చిత్రించారు. వాటిలో చాలావాటికి రాతి ఉబ్బులే ఒళ్లు. వేలయేళ్ల కిందట దివ్వె వెలుగులో పైకి చూస్తూ, ఏ ఉబ్బులో ఏ జంతువు ఒదుగుతుందో పట్టుకున్నారు వాళ్లు. ఆ బొమ్మల ఫొటో ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక చేతి పని. పిచ్చుక అనుకుందాం. ఒళ్లంతటికీ ముదురు గోధుమరంగు కాస్త పలచగా కలిపి, ప్రతి గుంటలోకీ దిగేలా పొడిచి పొడిచి పూయండి. పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత వెడల్పాటి, బిరుసు వెంట్రుకల కుంచె తీసుకుని లేత గోధుమరంగులో కొసలు మాత్రం ముంచి, పాత గుడ్డ మీద తుడిచేయండి. ఇంకేమీ మిగల్లేదు అనిపించేదాకా తుడవాలి. ఇప్పుడు కుంచెను దాదాపు పడుకోబెట్టి రాయి మీద తేలిగ్గా లాగండి. రంగు మిట్టలకు మాత్రమే అంటుతుంది, గుంటలు ముదురుగానే ఉండిపోతాయి. అవే ఈకలు! సన్న కుంచెతో ఒక్కొక్క ఈక గీస్తూ కూర్చున్నా అంత మెత్తదనం రాదు. పొట్ట దగ్గర ఇంకాస్త లేతరంగుతో మరోసారి లాగండి, వీపు దగ్గర వదిలేయండి.

నున్నగా కావలసింది ఒక్క కన్నే. కన్ను వచ్చేచోట గుంట ఉంటే ఆవగింజంత జెస్సో (రంగుకు ముందు అడుగున వేసే చిక్కటి తెల్ల పూత) పెట్టి, ఆరాక ఆ చుక్కనే రుద్దండి. దానిమీద నలుపు, వెలుగు వచ్చే వైపున సూదిమొనంత తెలుపు. ముక్కు మాత్రం ఎప్పుడూ గట్టు మీదే పడేలా చూసుకోండి. పొడవాటి సన్న కుంచె గరుకు మీద పనికిరాదు, దాని వెంట్రుకలు గుంటల్లోకి వంగిపోతాయి. పొట్టి గుండ్రటి కుంచెతో చుక్క పక్కన చుక్క పెడుతూ వెళ్లండి, అవే కలిసి గీతవుతాయి. బొమ్మ చుట్టూ హద్దుగీత అసలొద్దు. వెలుగు వైపు అంచును రాయిలో కలిసిపోనివ్వండి.

ప్రశ్న: గులకరాళ్ల మీద వేసిన ఆక్రిలిక్ బొమ్మలు కొన్నాళ్లకే పెచ్చులూడుతున్నాయి. రంగులు మంచివే. లోపం ఎక్కడుంది?

జవాబు: రంగు కింద ఉంది. ఆక్రిలిక్ రంగంటే నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు, వాటితోపాటు రంగు పొడి. నీళ్లు ఆరిపోతుంటే రేణువులు దగ్గరకు జరిగి, ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఆ పొరకు, రాయికి మధ్య దుమ్మో, ఎండిన నాచో ఉంటే పొర దానికి అంటుకుంటుంది గానీ రాయికి కాదు. రాయి లోపల తడి మిగిలిపోతే అది బయటికొచ్చే దారి వెతుక్కుంటూ పొరను పైకి నెడుతుంది. సముద్రపు రాళ్లతో మరో చిక్కు: లోపలి ఉప్పు తడితో కలిసి పైకి వచ్చి, పొర కిందే పలుకులు కడుతుంది. అందుకని వాటిని కొన్ని రోజులు మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. ఏ రాయినైనా పాత టూత్‌బ్రష్‌తో తోమి, కనీసం వారం ఆరబెట్టండి.

బాగా నున్నటి రాయికి, రంగు పట్టు దొరికేలా పలచటి ప్రైమర్ అనే అడుగుపూత వేయాలి. ఒక మందపాటి పూత కంటే రెండు పలచటి పూతలు మేలు. చేతికి అంటకపోతే ఆరిందని అనుకోకండి, మందంగా వేసినచోట లోపల గట్టిపడటానికి వారాలు పట్టవచ్చు. వార్నిష్‌కు తొందరపడొద్దు. వేసేటప్పుడు మెరుపు లేనిదే వేయండి. మెరిసే వార్నిష్ వేస్తే గరుకు మీద ప్రతి మిట్టా తళుక్కుమని, మీరు పడిన శ్రమంతా ఆ తళుకుల వెనక దాగిపోతుంది.

ప్రశ్న: కొమ్మను అడ్డంగా కోసిన బిళ్ల మీద పూల బొమ్మ వేశాను. బొమ్మ మధ్యనుంచి పగిలిపోయింది. పగులును పూడ్చి మళ్లీ రంగు వేయనా?

జవాబు: పచ్చి చెక్క ఆరేటప్పుడు వలయాల వెంట కుంచించుకుపోవడం, నడిమి వైపు కుంచించుకుపోవడం కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ లాగుడుకే బెరడునుంచి నడిమిదాకా పగులు తీస్తుంది. పూడ్చినా పక్కన మరోటి రావచ్చు. పగులునే కాడ చేయండి, పూలను దానికి అటూ ఇటూ మార్చండి. ఇకముందు నీడలో నిదానంగా ఆరిన బిళ్లలే తీసుకుని, రెండు వైపులా పూత వేయండి. తెల్లరంగులోంచి గోధుమ మరకలు పైకి తేలితే అవి చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు. ముందుగా స్పిరిట్‌లో కరిగించిన లక్క పూత వేస్తే చాలావరకు ఆగుతాయి.

ప్రశ్న: ఈక మీద రంగు వేస్తే పోగులు ముద్దలవుతున్నాయి.

జవాబు: నీళ్లు ఎక్కువయ్యాయి. ఈకలోని పోగులు కంటికి కనిపించనంత చిన్న కొక్కేలతో ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. చిక్కటి రంగును, మెత్తటి కుంచెతో, నడిమి కాడనుంచి బయటికి పోగుల వాలునే లాగండి. ఎదురు లాగితే కొక్కేలు విడిపోతాయి.

ప్రశ్న: పిల్లలతో కలిసి వాగులో రాళ్లు ఏరి, బొమ్మలు వేసి, దారిన పోయేవాళ్లు చూసి మురిసిపోవాలని మళ్లీ అక్కడే పెడదామనుకుంటున్నాం. మీ సలహా?

జవాబు: మీ ఆలోచన వెనకున్న మనసు నాకు నచ్చింది, కానీ అలా చేయవద్దని వేడుకుంటున్నాను. ఆక్రిలిక్ ప్లాస్టిక్కే. ఎండకూ వానకూ పెచ్చులు లేచి నీళ్లలో కలుస్తుంది. ఏరడంలోనూ జాగ్రత్త కావాలి. కొన్నిరకాల తూనీగల పిల్లలు, మేఫ్లై అనే చిన్న రెక్కల పురుగుల పిల్లలు వాగు రాళ్ల అడుగునే బతుకుతాయి. రాయిని తిరగేసి చూడండి, అడుగున ఏదైనా కదిలితే ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయండి. బూడిదరంగు, పసుపు మచ్చల్లా లైకెన్లు (బూజు, నాచు కలిసి బతికే జీవులు) అంటుకున్న రాళ్లను అసలు ముట్టుకోవద్దు. రాతికి కరుచుకుని పెరిగే లైకెన్లలో చాలావి ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. బతికున్న చెట్టు బెరడు ఒలవడం కూడా తప్పే, రాలినదే తెచ్చుకోండి.

పిల్లలకైతే విరిగిన పెంకులు, మట్టికుండ ముక్కలు ఇవ్వండి. ముందు మీరే పదునైన అంచులు అరగదీసి పెట్టండి. కాల్చిన మట్టి నీళ్లు పీలుస్తుంది కాబట్టి వెనకవైపు కూడా ఒక పూత వేయండి. ఆ ఎర్రదనాన్ని పూర్తిగా కప్పేయకుండా అక్కడక్కడా వదిలేయమని చెప్పండి. పిచ్చుక వీపుకు దాన్ని మించిన రంగు నాకు ఏ ట్యూబులోనూ దొరకలేదు.