టెక్ సందేహాలు: ప్రింట్‌ఎఫ్ పెడితే సరిపోయే లెక్క

ప్రశ్న: సి భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే సరైన ఫలితం వస్తోంది. ఓ2 (వేగం పెంచే ఆప్టిమైజేషన్ స్థాయి) పెడితే, ఒకే సూత్రంతో లెక్కించిన రెండు డబుల్ (64 బిట్ల దశాంశ సంఖ్య) విలువలు సమానం కావని చెబుతోంది. మధ్యలో విలువను తెరపై చూపే ప్రింట్‌ఎఫ్ చేరిస్తే మళ్లీ సరిపోతోంది. యంత్రం పాత 32 బిట్లది. ఇది కంపైలర్ బగ్గేనా?

జవాబు: ఈ ఫిర్యాదు జీసీసీ అనే సి కంపైలర్ బగ్‌ల జాబితాలో 323వ నంబరుతో 2000లోనే నమోదైంది. ఇప్పటికీ కొత్త ఫిర్యాదుగా వస్తూనే ఉంది. కానీ కారణం ప్రాసెసర్ లెక్కల తీరులో ఉంది. దశాంశ లెక్కలు చేసే పాత ఎక్స్87 యూనిట్ తన రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి నిల్వ గదుల్లో) 80 బిట్ల విలువను, అందులో 64 బిట్ల మాంటిస్సాను (సంఖ్యలోని అంకెల భాగాన్ని) ఉంచుతుంది. డబుల్‌కు అందుకు ఉన్నవి 53 బిట్లే. అందుకే ఒక విలువ రిజిస్టర్‌లోనూ మరొకటి మెమొరీలోనూ ఉంటే రెండూ సమానం కాకపోవచ్చు. ప్రింట్‌ఎఫ్‌ను పిలిచినప్పుడు రిజిస్టర్‌లోని విలువ మెమొరీలోకి వెళ్లి, అక్కడ 53 బిట్లకు కుదించబడుతుంది కనుక మీ పోలిక సరిపోతోంది. ఎస్ఎస్ఈ2 (డబుల్ లెక్కలను అదనపు బిట్లు లేకుండా చేసే కొత్త ఆదేశాల సమూహం) ఉన్న ప్రాసెసర్ అయితే లెక్కలను దానితోనే చేయించే ఆప్షన్లు ఇవ్వండి. 64 బిట్ల లినక్స్‌లో అదే డిఫాల్ట్. ఫ్లోట్-స్టోర్ ఆప్షన్ మీద ఆధారపడకండి, అది చలరాశులనే కుదిస్తుంది కానీ మధ్యంతర ఫలితాలను ముట్టుకోదు.

చివరి అంకెలో తేడాయే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు ఆందోళన కలిగిస్తుంది. 2.2250738585072011 గుణించు 10 ఘాతం మైనస్ 308 అనే సంఖ్యను చదవబోయి, వెబ్‌సైట్ల భాష పీహెచ్‌పీ 32 బిట్ల రూపం అంతులేని లూప్‌లో చిక్కుకుంటుందని 2011 జనవరిలో బయటపడింది. అంకెలను డబుల్‌గా మార్చే కోడ్ ఈ అదనపు బిట్ల వల్లే ఏ విలువ దగ్గరా స్థిరపడలేకపోయింది. ఒక వెబ్ ఫారంలో ఆ సంఖ్యను పంపగలిగిన ఎవరైనా సర్వర్‌ను స్తంభింపజేయగలిగేవారు, 5.3.5, 5.2.17 వెర్షన్లలో దీన్ని సరిచేశారు, అందుకు కావలసి వచ్చింది విలువను ప్రతిసారీ మెమొరీలోకి పంపమనే ఒక వోలటైల్ మాట.

అంతకన్నా ప్రమాదకరమైనది, వేగం కోసం ఆలోచించకుండా తగిలించే ఫాస్ట్-మాథ్ ఆప్షన్. లెక్కల్లో నాన్ (‘సంఖ్య కాదు’ అనే అర్థం లేని ఫలితం) అనేదే రాదని అది కంపైలర్‌కు హామీ ఇస్తుంది, కాబట్టి మీరు జాగ్రత్తగా రాసిన ఈజ్‌నాన్ తనిఖీని కంపైలర్ ఏ హెచ్చరికా లేకుండా తొలగించవచ్చు. నాన్‌తో చేసే ‘పరిమితి కన్నా ఎక్కువా’ అన్న పోలిక మామూలుగానే అబద్ధమవుతుంది కనుక, ఈ తనిఖీ పోయాక బయటి నుంచి వచ్చిన చెడు విలువ పరిమితిని దాటుకుని లోపలికి చేరుతుంది. పైగా జీసీసీ 13కు ముందు ఎక్స్86 లినక్స్ మీద, ఈ ఆప్షన్‌తో లింక్ చేసిన షేర్డ్ లైబ్రరీ ఒక్కటి లోడైతే చాలు, దాన్ని లోడ్ చేసిన థ్రెడ్‌లోనూ అక్కడి నుంచి మొదలయ్యే థ్రెడ్లలోనూ అతి సూక్ష్మ విలువలన్నీ సున్నాలయ్యేవి. లైబ్రరీ రచయితలు ఇతరుల ప్రోగ్రామ్ లెక్కల తీరును ఇలా మార్చేయడం, అదీ చెప్పకుండా మార్చడం, క్షమించరాని నిర్లక్ష్యం.

అసలు కంపైలర్ బగ్గులు లేవని కాదు. అలా అనుమానించే ముందు తప్పును పది పంక్తుల ప్రోగ్రామ్‌కు కుదించి, మరో కంపైలర్‌తో సరిచూసి, రెండూ తయారు చేసిన అసెంబ్లీని (ప్రాసెసర్ ఆదేశాలను) పక్కపక్కన చదవండి. ఆపైనా తేడా నిలిస్తే ప్రాసెసర్, కంపైలర్ వెర్షన్, వాడిన ఆప్షన్లన్నీ జతచేసి ఆ కంపైలర్ బృందానికి పంపండి.